ముందు ఆ పిల్లని అడగండి

ఉదయం ఆరు దాటింది. తిరువూరు బస్టాండులో విజయవాడ ఎక్స్‌ప్రెస్ ఇంజను గుర్రుమంటూనే ఉంది. మీకు కిటికీ పక్కన సీటు దొరికింది. ముందు వరుసలో ఒక అమ్మమ్మ, పక్కన పద్నాలుగేళ్ల మనవరాలు, ఆ పిల్ల ఒళ్లో తలపెట్టి మళ్లీ నిద్రలోకి జారుకున్న తొమ్మిదేళ్ల మనవడు. కండక్టరు వచ్చాడు. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం కాబట్టి ఇద్దరూ ఆధార్ కార్డులు చూపించి జీరో టికెట్లు తీసుకున్నారు. పిల్లవాడికి మాత్రం అర టికెట్ కొట్టాలి. అమ్మమ్మ కొంగు ముడి విప్పింది.

పిల్ల చేతిలో బట్టల కొట్టు కవరు ఒకటుంది. మాటిమాటికీ తెరిచి చూసుకుంటోంది కాబట్టి లోపల ఏముందో మీకూ తెలిసిపోయింది. అమ్మానాన్నల మరణ ధ్రువీకరణ పత్రాలు, రేషన్ కార్డు జిరాక్సు, హెడ్‌మాస్టరు సంతకం పెట్టిన స్టడీ సర్టిఫికెట్లు, బ్యాంకు పాసుబుక్కు, ఫొటోలు. ఏ ఒక్కటి తక్కువైనా మళ్లీ రావాలని ఎవరో చెప్పి ఉంటారు. అందుకే ఆ భయం.

వీళ్ల పేర్లు చెప్పను, ఊరు చెప్పను. రక్షణ అవసరమైన పిల్లల ఆనవాళ్లు బయటపెట్టకూడదని జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ అంటుంది. పెడితే ఆరు నెలల జైలు, రెండు లక్షల జరిమానా దాకా ఉంది. చట్టం అనకపోయినా చెప్పేవాడిని కాను. పైగా ఇది ఒక్క ఇంటి కథ కూడా కాదు. ఇలాంటి ఎన్నో ఇళ్లలో జరిగేదాన్ని ఒక్క ప్రయాణంగా కూర్చి మీ ముందు పెడుతున్నాను.

బస్సు ఊరు దాటింది. రెండు పక్కలా మామిడి తోటలు. అమ్మమ్మ మీవైపు తిరిగి మాట కలిపింది. అల్లుడు పోయి మూడేళ్లు, కూతురు పోయి ఏడాది. "నా పింఛనుతోనే ముగ్గురం తింటున్నాం బాబూ" అంది. ఆ పింఛను నెలకు 4,000, అంటే ఏడాదికి 48,000. ఒంట్లో బాగున్న రోజుల్లో మిరపకాయ కోతకి వెళ్తుంది. మోకాళ్లు సహకరించని రోజుల్లో మనవరాలు బడి మానేసి వంట చేస్తుంది. ఆ సంగతి అమ్మమ్మ చెప్పలేదు. హాజరు పట్టీ చూసిన బడి మేడం గమనించి, "సీడబ్ల్యూసీకి, అంటే బాలల సంక్షేమ సమితికి వెళ్లండి పెద్దమ్మా, పిల్లలకు నెలనెలా డబ్బు వచ్చే దారి ఉంది" అని చెప్పి, అర్జీ రాసిచ్చింది.

ఏ.కొండూరు వచ్చింది. ఈ మండలంలోని తండాల్లో కిడ్నీ జబ్బు ఏళ్ల తరబడి ప్రాణాలు తీస్తోంది. పోయినవాళ్ల గురించి పత్రికలు రాశాయి, తాగునీళ్ల గురించి ప్రభుత్వాలు మాట్లాడాయి. వాళ్ల పిల్లలు ఇప్పుడు ఎవరి ఇంట్లో, ఏ మూల పడుకుంటున్నారో, బడికి వెళ్తున్నారో, మామిడికాయలు మోస్తున్నారో ఎంతమంది అడిగారు? మన దగ్గర తల్లిదండ్రులు పోయిన పిల్లల్ని ముందుగా దగ్గరకు తీసేది అమ్మమ్మలు, నాయనమ్మలు, పిన్నులు, మేనమామలు. వాళ్లు లేకపోతే ఈ పిల్లలు ఏమైపోయేవాళ్లో ఊహించలేం. అయితే ఆ ప్రేమకు ఏ రిజిస్టరులోనూ చోటుండదు. పిల్ల ఎక్కడుందో ప్రభుత్వానికి తెలియదు, తనకేం రావాలో పిల్లకు తెలియదు.

మైలవరంలో బస్సు ఆగగానే పిల్లల బాబాయి ఎక్కాడు. మంచి మనిషే. అన్న ఆసుపత్రి అప్పులో సగం ఇతనే తీర్చాడు. అన్న పేరున ఉన్న అరెకరం మామిడి తోట సాగు చేస్తున్నదీ ఇతనే. సీటు వెనక నిలబడి అమ్మమ్మకు నచ్చజెబుతున్నాడు. "నువ్వెన్నాళ్లు ఉంటావత్తా? నాకూ ముగ్గురు పిల్లలు. పెద్దదాన్ని ఆడపిల్లల హోంలో, బుడ్డోణ్ణి మగపిల్లల హోంలో చేర్పిద్దాం. మూడు పూటలా తిండి, చదువు. ఆళ్లే చూసుకుంటారు." అమ్మమ్మ కళ్లు తుడుచుకుంది. "నేను బతికుండగా ఎట్టా పంపిస్తానయ్యా" అంది. ఇద్దరూ కొండపల్లి దాకా అదే మాట్లాడుకున్నారు. ఇద్దరిదీ ప్రేమే. మధ్యలో కూర్చున్న పిల్లని మాత్రం ఇద్దరిలో ఒక్కరూ ఒక్క మాట అడగలేదు. మీరు గమనించారు కదా?

ఈ వ్యాసమంతా ఆ ఒక్క సంగతి కోసమే రాస్తున్నాను. పిల్లల హక్కులన్నిటికీ మొదటి మెట్టు, వాళ్ల మాట వినడం. ఇది నా సొంత అభిప్రాయమనుకోకండి. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం మూడో సెక్షన్‌లో ఉంది: తనకు సంబంధించిన ప్రతి నిర్ణయంలోనూ పాల్గొనే హక్కు, తన మాట వినిపించుకునే హక్కు బిడ్డకు ఉన్నాయి. వయసును, పరిణతిని బట్టి ఆ మాటకు విలువ ఇవ్వాలి. హోంలో పెట్టడం అన్ని దారులూ మూసుకుపోయాక చేయాల్సిన పని అని కూడా అదే సెక్షన్ చెబుతుంది. మన దేశం 1992లో ఒప్పుకున్న ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలోనూ బిడ్డ మాట వినాలని ఉంది.

ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్ గొట్టాలు దాటి, గొల్లపూడి దాటి, దుర్గమ్మ కొండ కిందుగా ఫ్లైఓవర్ మీద బస్సు వంపు తిరిగింది. తమ్ముడు లేచి కృష్ణానదిని చూస్తున్నాడు. అక్క వాడి చొక్కా బొత్తాలు సరిచేసింది.

బస్సు దిగి సమితి ఆఫీసుకు వచ్చేశాం. వరండాలో బెంచీలున్నాయి. మీరూ కూర్చోండి, పిలుపు రావడానికి టైము పడుతుంది. రెండో బెంచీ మీద ఒక కుర్రవాడు ఫైలు పట్టుకుని ఉన్నాడు. పద్దెనిమిది దాటి కొన్ని నెలలైంది. ఆరో ఏట నుంచి హోంలోనే పెరిగాడు. పద్దెనిమిదో పుట్టినరోజున కేకు కోశారు, ఆ నెలాఖరుకి బట్టలు సర్దుకోమన్నారు. గది అద్దెకు అడిగితే "పెద్దవాళ్లను తీసుకురా" అంటున్నారు. కాలేజీలో ఆదాయ ధ్రువీకరణ అడిగితే ఎవరి ఆదాయం చూపించాలో తెలియలేదు. అతని పక్కనే కూర్చుని ఇదంతా వింటుంటే గొంతులో ఏదో అడ్డం పడుతుంది. ఎందుకంటే ఇతనికి దారి చూపించే నిబంధనలు ఉన్నాయి. చట్టం 46వ సెక్షన్, దాని కింది నిబంధనల ప్రకారం హోం నుంచి బయటికొచ్చే యువతీయువకులకు 21 ఏళ్ల దాకా ఆసరా ఇవ్వొచ్చు, తప్పనిసరైతే మరో రెండేళ్లు కూడా. మిషన్ వాత్సల్య పథకం కింద అందుకు నెలకు 4,000 రూపాయల సాయం ఉంది. పదేళ్లు నిండకముందే తల్లిదండ్రుల్ని పోగొట్టుకుని, చూసుకునేవాళ్లు ఎవరూ లేక, ప్రభుత్వ లేదా ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఆశ్రమాల్లో, బడుల్లో చేరిన పిల్లలు మన రాష్ట్రంలో బీసీ-ఏ కిందికి వస్తారు. అంటే కాలేజీ సీట్లో, ఉద్యోగంలో ఇతనికి రిజర్వేషన్ ఉంది. ఆ మాట అతనికి పద్దెనిమిదేళ్లు నిండేదాకా ఎవరూ చెప్పలేదు. తోటివాడొకడు చెబితే తెలిసింది.

అతను పిల్లవైపు వంగి నెమ్మదిగా చెబుతున్నాడు: "లోపల భయపడకు. వాళ్లు అడక్కపోతే నువ్వే చెప్పు. నా టైములో నేను మాట్లాడలేదు. మా చెల్లిని వేరే ఊరు పంపించేశారు."

ఇలాంటి మాట చెప్పడానికి అనుభవించినవాళ్లను మించిన వకీళ్లు లేరు. స్కాట్లాండులో బాలల సంరక్షణ వ్యవస్థ మీద 2020లో వచ్చిన నివేదిక కోసం 5,500 మందికి పైగా మాటలు విన్నారు, వాళ్లలో సగానికి పైగా ఆ వ్యవస్థను అనుభవించిన పిల్లలు, పెద్దలు, కుటుంబాలవాళ్లే. మన నిబంధనల్లోనూ ప్రతి హోంలో పిల్లల కమిటీ ఉండాలి, ఫిర్యాదులు, సలహాలు వేసే పెట్టె ఉండాలి. ఆ పెట్టె తాళం ఎవరి దగ్గర ఉంటోంది, లోపలి చీటీలు ఎవరు చదువుతున్నారు అన్నది అడగాల్సిన ప్రశ్న. ఇక ఈ కుర్రవాడిలాంటివాళ్లను ఏ సమావేశానికైనా పిలుస్తున్నామా? దండలు వేసే సభలకు కాదు, నిర్ణయాలు చేసే సమావేశాలకు.

పేరు పిలిచారు. లోపలికి పదండి.

గది చిన్నది. ఎత్తు వేదిక లేదు, బోను లేదు. పిల్లలు బెదిరిపోకుండా ఉండాలని నియమావళిలోనే అలా రాశారు. చైర్‌పర్సన్, నలుగురు సభ్యులు ఉండే సమితి ఇది. మేజిస్ట్రేటుకు ఉండే అధికారాలు దీనికున్నాయి. ముందు బాబాయి మాట్లాడాడు, తర్వాత అమ్మమ్మ. సభ్యుల్లో ఒకామె కాగితాలు పక్కనపెట్టి, పెద్దలిద్దరినీ కాసేపు బయట కూర్చోమంది. పిల్లవైపు కుర్చీ జరుపుకుంది.

"చెప్పమ్మా. నువ్వేమనుకుంటున్నావు?"

చాలాసేపు ఏమీ లేదు. ఫ్యాను తిరుగుతోంది. మీకే ఏదో ఒకటి చెప్పేయాలనిపిస్తుంది, ఆగండి. ఆమెను మాట్లాడనివ్వండి.

"తమ్ముడూ నేనూ ఒక్కచోటే ఉండాలి మేడం. వాడికి రాత్రిళ్లు భయం." మళ్లీ ఆగింది. "అమ్మమ్మ దగ్గరే ఉంటాం. అమ్మమ్మకి బాగోకపోతే మా మేడం వాళ్లింట్లో ఉంటామని అడిగాను, సరే అన్నారు. నేను బడి మానను. ఇంకా..." కవరు నలిపేస్తోంది. "నాన్న తోట మాదేనా? బాబాయి మంచోడే. కానీ మాదేనా అని అడగాలనుకున్నా."

పద్నాలుగేళ్ల పిల్ల మూడు మాటల్లో మొత్తం చెప్పేసింది. పొద్దుట్నుంచి పెద్దలు మాట్లాడిన రెండు గంటల్లో ఈ మూడూ ఎక్కడా లేవు.

ఆమె అడిగిన ప్రతిదానికీ చట్టంలో జవాబు ఉంది. అక్కాతమ్ముళ్లను ఒకే కుటుంబంలో ఉంచడానికి అన్ని ప్రయత్నాలూ చేయాలని ఫోస్టర్ కేర్ గురించి, అంటే బిడ్డను కొంతకాలం వేరే కుటుంబం పెంచడం గురించి చెప్పే 44వ సెక్షన్ అంటుంది. బంధువుల దగ్గర పెరిగే పిల్లలకు స్పాన్సర్‌షిప్ ఉంది. పల్లెల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 72,000 మించకూడదు, ఒక్కో బిడ్డకు నెలకు 4,000 ఇస్తారు. అమ్మమ్మకు చేతకాని రోజు వస్తే, ఆ టీచరు కుటుంబం ఫోస్టర్ కేర్‌కు ముందుకు రావచ్చు. ఆ ఇంటిని పరిశీలించి ఆమోదించాలి. బిడ్డను అప్పగించాక సమితి నెలనెలా చూడాలి, బిడ్డ బాగోగులు సరిగా లేకపోతే అక్కణ్నుంచి తీసేయాలి. 2024లో మార్చిన మార్గదర్శకాల ప్రకారం 35 నుంచి 60 ఏళ్ల మధ్య ఒంటరిగా ఉన్నవాళ్లు కూడా ఫోస్టర్ కేర్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. మగవాళ్లయితే మగపిల్లల్ని మాత్రమే.

తోట సంగతి. అది పిల్లలదే. పెంచుతున్నంత మాత్రాన మైనరు ఆస్తిని అమ్మే హక్కు బంధువులెవరికీ రాదని 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం 11వ సెక్షన్ స్పష్టంగా చెబుతుంది. బాబాయి ఇన్నాళ్ల సాగు ఖర్చు, తీర్చిన అప్పు లెక్క వేరే చూసుకోవచ్చు, అది న్యాయమే. కానీ తోట పాసుబుక్కు పిల్లల పేరున మారాలి. ఈ పని కోసం ప్లీడరు ఫీజు పెట్టక్కర్లేదు. పిల్లలకు న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది, 15100కి ఫోన్ చేస్తే చాలు.

ఈ రోజే అంతా తేలిపోదు. సామాజిక కార్యకర్త ఇంటికి వచ్చి చూసి 15 రోజుల్లో నివేదిక ఇవ్వాలి. నాలుగు నెలల్లో విచారణ ముగించాలి. డబ్బు ఫైలు కలెక్టరు అధ్యక్షతన ఉండే కమిటీకి వెళ్లాలి. ఈలోగా పిల్లలు అమ్మమ్మ దగ్గరే ఉంటారని సమితి రాసింది. పిల్ల చెప్పిన మాటలు కూడా ఆ కాగితం మీదకెక్కాయి. బయట బాబాయికి విషయం చెప్పినప్పుడు అతని ముఖం ఒక క్షణం మాడింది. తర్వాత, "అడిగితే నేనే చెప్పేవాణ్ణి గదమ్మా, మీదేనని" అన్నాడు. పిల్ల తల దించుకుంది. అడగడం తప్పనిపించేలా మనం పిల్లల్ని పెంచుతున్నాం. ఇది మారాలి.

సీడబ్ల్యూసీలన్నీ ఇలాగే కుర్చీ ముందుకు జరుపుకుంటాయని నేను చెప్పను. ఫైళ్లు ఎక్కువ, మనుషులు తక్కువ. స్పాన్సర్‌షిప్ డబ్బు ఆలస్యమైతే ఆ నెలలు పిల్లలే పస్తుంటారు. నెలనెలా తనిఖీ అని చట్టం అన్నప్పుడు, వెళ్లడానికి బండి, మనిషి కూడా ఇవ్వాల్సిన బాధ్యత ప్రభుత్వానిది. ఒక్కో జిల్లాలో ఎంతమంది పిల్లలు హోముల్లో ఉన్నారు, ఎంతమంది కుటుంబాల్లో పెరుగుతున్నారు, వాళ్లలో ఎంతమందికి నిజంగా డబ్బు అందుతోందో ఏటా గోడ మీద రాయాలి. పద్దెనిమిది నిండే ప్రతి బిడ్డకూ ఏడాది ముందే, నీకు ఏమేం వస్తాయో ఇదిగో అని కాగితం చేతికివ్వాలి. ఈ చివరి రెండూ ఖర్చుతో కూడిన పెద్ద పనులేం కావు.

ఇక మీరు. మీ వీధిలో, మీ బంధువుల్లో, మీ పనిమనిషి ఇంట్లో ఇలాంటి బిడ్డ ఉండే ఉంటుంది. సచివాలయంలో మహిళా పోలీసును కలవండి, లేదా చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. ఆ కుటుంబంతో పాటు ఒకసారి సమితి దాకా వెళ్లండి, అర్జీ రాయడంలో సాయం చేయండి. పిల్లల్ని పెంచే ఓపిక, మనసు ఉన్నవాళ్లయితే ఫోస్టర్ కుటుంబంగా జిల్లా బాలల రక్షణ విభాగంలో పేరు నమోదు చేసుకోండి. అయితే ఏ పని మొదలుపెట్టే ముందైనా, పెద్దల్ని కాసేపు పక్కకు పంపి, ఆ బిడ్డ పక్కన కూర్చుని, నీకేం కావాలని అడగండి. జవాబు వచ్చేదాకా ఆగండి.