ఎల్లలు దాటిన లెక్క



లెక్కయనఁగానే మనకుఁ బట్వారి దస్త్రము జ్ఞప్తికి వచ్చును. దానికిని వార్తాపత్రికకును సంబంధమేమి? తెలంగాణమునఁ గవులే లేరను మాట వినవచ్చినప్పుడు, గోలకొండ పత్రికాసంపాదకులు సురవరము ప్రతాపరెడ్డిగారు కోపోక్తులతోఁ గాలము పుచ్చలేదు. ఊళ్లనుండి కవుల పేర్లను, పద్యములను రప్పించి 354 మందితో 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించిరి. అదియే ప్రత్యుత్తరమైనది.

ఇఁక మన జిల్లా సంగతి. మంజీరపై నిజాంసాగరము 1931లోఁ బూర్తియయ్యెను. ఆ నీటఁ జెఱకు పండెను. బోధనునందు శక్కర్‌నగరున ఫ్యాక్టరీ వెలసెను. అది 2015లో మూఁతవడినది. కాలువ యందని మెట్టయూళ్లవా రంతకు బహుపూర్వమే గల్ఫుదేశములకుఁ బోవుచుండిరి. వారిలోఁ గొందఱు పెట్టెలలోఁ దిరిగి వచ్చిరి. పెట్టెతోఁ గాగిత మొకటి వచ్చును: గుండె యాగినది, సహజమరణము. అట్టిదానిని నాచేఁ జదివించుకొన్న తల్లి యొకతె కలదు. నలువదియేండ్లు నిండని వానికిది సహజ మెట్లని యడిగినది. కాగితమున లేదంటిని.

ఒక్క కాగితముతో నేమియుఁ దెలియదు. 2021 ఫిబ్రవరిలో లండనునందలి గార్డియన్ పత్రిక యట్టి కాగితముల లెక్కలను జేర్చి చూచినది. ఖతారునకు ఫుట్‌బాలు ప్రపంచపోటీలు దక్కిన 2010 డిసెంబరు తరువాత నచట మృతులైన వలసవారి సంఖ్యలను, వారిని బంపిన దేశముల ప్రభుత్వలెక్కలనుండి కూర్చిరి. భారతదేశము 2,711; నేపాలము 1,641; బంగ్లాదేశము 1,018; శ్రీలంక 557. ఈ నాలుగును 2020 వఱకు 5,927. పాకిస్థాను రాయబారి కార్యాలయపు లెక్క వేఱుగా 824. భారతీయుల మరణములలో నూటికి ఎనుబది సహజములని వ్రాయఁబడినవి. పెక్కింటికి శవపరీక్షయే లేదు.

చనిపోయినవారి సంఖ్య జనసంఖ్యకుఁ దగినట్లే యున్నదని ఖతారు ప్రభుత్వము బదులు చెప్పెను. ఈ యాక్షేపణము త్రోసిపుచ్చఁదగినది కాదు. ఆ పట్టికలో వృత్తి యను గడి లేదు. ఎండలో నిటుకలు మోసినవాఁడును, నీడలోఁ గూర్చున్న గుమాస్తాయు నొక్క వరుసనే యుందురు. కాని యాగడి లేకుండుట యెవరి లోపము?

ఇట్టి కూర్పు నేఁడొక విద్య. 2016లోఁ బనామా పత్రములు వెలువడినప్పుడు ఒక కోటి పదునైదు లక్షల పత్రములను సుమారు 80 దేశముల పాత్రికేయులు ఒక్క యంత్రపు సూచికలో వెదకిరి. దేశదేశముల పాత్రికేయులకు నీవిద్య నేర్పు సంఘములును గలవు. అందుఁ గష్టమైనది పేర్ల పోలిక. మన యింటిపేరు అరబ్బీలోనికిఁ బోయి యింగ్లీషులోనికి వచ్చునప్పటికి కన్నతల్లియు గుర్తింపలేదు!

మనకును 2005నాటి సమాచారహక్కు చట్టము కలదు. కేంద్రప్రభుత్వమునకుఁ జేయు నర్జీకి రుసుము పది రూపాయలు. 2012 మొదలు 2018 నడిమివఱకు ఆఱు గల్ఫుదేశములలో 24,570 మంది భారతీయ కార్మికులు మృతిచెందిరని తెలిసినది ఇట్టి యర్జీలచేతను, పార్లమెంటులోని ప్రత్యుత్తరములచేతనే.

ఆ తల్లి కాగితమునకు నకలు వ్రాసికొంటిని: పాస్‌పోర్టు సంఖ్య, తేది, ఊరు, కఫీలు పేరు. మూలమును మడిచి యామెచేతికే యిచ్చితిని.