శిశువుల దృష్టిక్షేత్ర పరీక్ష: చరిత్ర, మన్యప్రాంత సందర్భం

ఉపోద్ఘాతం:
చూపు పరీక్ష అనగానే పటం మీది అక్షరాలు చదివించడమే గుర్తుకు వస్తుంది. అది చూపులోని స్పష్టతను మాత్రమే కొలుస్తుంది. ఒక బిందువుపై కన్ను నిలిపినప్పుడు దాని చుట్టూ ఎంత మేర కనిపిస్తుందో అది దృష్టిక్షేత్రం. ‘కడకంటి చూపు’ అనే తెలుగు మాటలోనే ఈ భేదం ఉంది. పటంలోని చివరి వరుస చదవగలిగిన బిడ్డకు సైతం ఒక పక్క చూపు లేకపోవచ్చు. ఈ లోపాన్ని పసివారిలో గుర్తించే పద్ధతుల పరిణామాన్ని, అరకు ప్రాంతానికి వాటి ప్రాధాన్యాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

పరికరాల పరిణామం:
1801లో థామస్ యంగ్ దృష్టిక్షేత్రపు హద్దులను కొలిచాడు. 1856లో జర్మన్ నేత్రవైద్యుడు ఫాన్ గ్రేఫ దానిని రోగనిర్ధారణకు వినియోగించాడు. 1945లో హాన్స్ గోల్డ్‌మన్ అర్ధగోళాకార పరికరాన్ని ప్రవేశపెట్టాడు. అనంతరం కంప్యూటర్ పరికరాలు వచ్చాయి. రోగి కదలకుండా కూర్చుని, వెలుగు కనబడగానే నోటితో చెప్పడమో, మీట నొక్కడమో చేయాలన్న షరతు మాత్రం మారలేదు. శిశువుకు అది అసాధ్యం. కనుక పక్కనుంచి బొమ్మను చూపి, బిడ్డ కన్ను అటు తిరుగుతుందో లేదో గమనించడమే చాలాకాలం వైద్యులకు ఆధారమైంది. లోపం ఉనికి అందువల్ల స్థూలంగా తెలిసినా, దాని పరిమాణం తెలిసేది కాదు.

హైదరాబాద్ ప్రయోగం:
1987లో హైదరాబాద్‌లో ఏర్పడిన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థలో ప్రేమ్‌నందిని సద్గుణం, సహపరిశోధకులు ‘పీడియాట్రిక్ పెరిమీటర్’ను రూపొందించి, 2017లో ఫలితాలు ప్రచురించారు. శిశువును వెల్లకిలా పడుకోబెట్టి, ఎల్.ఇ.డి. దీపాలు అమర్చిన అర్ధగోళం కిందకు తలను చేరుస్తారు. చీకటిలో ఒక్కో దిశలో దీపాలు వెలిగిస్తారు. బిడ్డ కన్నో తలో అటు తిరగడాన్ని కెమెరా నమోదు చేస్తుంది. తిరగడానికి పట్టిన కాలాన్నీ లెక్కగడతారు. మాటతో చెప్పవలసిన జవాబు స్థానాన్ని చూపు కదలిక ఆక్రమించింది.

మన్యప్రాంత సందర్భం:
నేటి అల్లూరి సీతారామరాజు జిల్లాలోని అరకు పరిసరాల్లో ఆదివాసీ ఒడియా, కువి వంటి భాషలు ఇంటి భాషలు. ఈ వాస్తవాన్ని గుర్తించే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2004లో గిరిజన భాషల్లో ప్రాథమిక బోధనను ఆరంభించింది. తెలుగులో అడిగిన ప్రశ్నకు బిడ్డ పలకకపోతే లోపం కంటిదో, భాషదో పరీక్షకునికి తేలదు. మాటతో పనిలేని పరీక్ష ఈ చిక్కును చాలావరకు తొలగిస్తుంది. పైగా మన్యానికి మలేరియా చిరకాల శత్రువు. మెదడుకు సోకిన మలేరియా నుంచి బతికి బయటపడిన పిల్లల్లో కొందరికి, కన్ను బాగున్నా, మెదడు దెబ్బతిని చూపు దెబ్బతింటుంది.

చట్టం:
1995 నాటి వికలాంగుల చట్టం దృష్టిక్షేత్రం 20 డిగ్రీలకు కుంచించుకుపోవడాన్ని అంధత్వంగా పరిగణించింది. 2016 చట్టం ఆ హద్దును 10 డిగ్రీల లోపునకు మార్చి, 40 డిగ్రీల లోపు నుంచి 10 డిగ్రీల వరకు ఉన్నవారిని మందదృష్టి వర్గంలో చేర్చింది. అంటే ధ్రువపత్రం, దానితో వచ్చే విద్యా సదుపాయాలు కొలతపై ఆధారపడ్డాయి. కొలవని లోపానికి చట్టంలో చోటున్నా ఫలం దక్కదు.

ముగింపు:
2019 అక్టోబరు 10న ఆరంభమైన ‘వై.ఎస్.ఆర్. కంటి వెలుగు’ పథకం తొలుత బడిపిల్లలకే పరీక్షలు జరిపింది. పటంతో చేసే ప్రాథమిక పరీక్ష అద్దాలు అవసరమైన పిల్లలను గుర్తించగలదు గాని, కడకంటి చూపు కోల్పోయినవారిని పట్టుకోలేదు. మెదడు జబ్బుల నుంచి కోలుకున్న, ఎదుగుదల మందగించిన మన్యం శిశువులకైనా దృష్టిక్షేత్ర పరీక్షను అందుబాటులోకి తేవడం ఈ చరిత్ర సూచించే తదుపరి మెట్టు.