మూడు వేళ్ల సందు

పొద్దున్న ఎనిమిది. విజయవాడ ఆటోనగర్‌లో అప్పటికే సుత్తి దెబ్బలు మొదలయ్యాయి. పక్క షెడ్డులో లారీ బాడీకి చెక్కలు కోస్తున్నారు. రంపపు పొట్టు గాలికి ఇటు కొట్టుకొస్తోంది. మా ఎదురుగా రేకుల కప్పు కింద నాలుగు పాత కార్లు వరసగా నిలబడి ఉన్నాయి. నా కళ్లు మొదటిదాని మీదే ఆగిపోయాయి. మీగడ రంగు ఫియట్.

"ముందు దాంట్లోనే కూర్చుంటారు, నాకు తెలుసు" అంటుంది మా ఆవిడ. చేతిలో కుట్టుపెట్టె నుంచి తెచ్చిన టేపు, చిన్న నోటుపుస్తకం.

మా నాన్నగారిది ఇలాంటిదే. 1974లో ప్రీమియర్ కంపెనీ దీనికి పద్మిని అని పేరు పెట్టింది గానీ మా ఇంట్లో చివరిదాకా అది ఫియట్టే. నాన్నగారు ఐదడుగుల ఐదంగుళాలు. ఆ కారు ఆయనకి కొలతలిచ్చి కుట్టించుకున్న చొక్కాలా ఉండేది. వెనక సీటు మధ్యలో నిలబడి ఆయన భుజం మీదుగా రోడ్డు చూస్తూ పెరిగాను నేను. ఇప్పుడు నా ఎత్తు ఆరడుగుల మూడంగుళాలు.

తలుపు తీస్తాను. ఎండకి కాగిన రెక్సిన్, పాత పెట్రోలు కలిసిన ఆ వాసన ముఖాన తగలగానే ఒక్క క్షణం ఊపిరి అలాగే పట్టుకుంటాను. ఎడమకాలు లోపల పెట్టి, నడుము వంచి, తల దించి, సీటు మీద వాలి, కుడికాలు మడిచి రెండు చేతులతో లోపలికి తెచ్చుకుంటాను. తలుపు పడుతుంది. ఆ చప్పుడు మారలేదు.

"సీటు కింద కమ్మీ ఉంటుంది సార్, దాన్ని ఎత్తి వెనక్కి నెట్టండి" అంటాడు మేస్త్రీ. అరవై దాటిన మనిషి. గోళ్లలో నల్ల గ్రీజు.

నెడతాను. సీటు నాలుగంగుళాలు జరిగి టక్కున ఆగిపోతుంది. ఇక పట్టాలు లేవు. మోకాళ్లు స్టీరింగుకి అటొకటి ఇటొకటి పైకి లేచాయి. జుట్టు కప్పు గుడ్డకి రాసుకుంటోంది. అద్దం పై అంచు సరిగ్గా నా కనుబొమల దగ్గరుంది. షెడ్డు ముందు వేపచెట్టు ఉంది, దాని కాండం కనిపిస్తోంది, కొమ్మలు కనిపించడం లేదు. బెంజి సర్కిల్లో గీత దగ్గర ఆగితే సిగ్నలు పచ్చబడిందో లేదో చూడడానికి నేను స్టీరింగు మీదికి వంగాలి. రోజుకి ఎన్నిసార్లు?

క్లచ్ తొక్కి వదులుతాను. వదిలినప్పుడల్లా ఎడమ మోకాలు లేచి స్టీరింగు చక్రాన్ని తాకుతోంది. గేరు రాడ్డు స్టీరింగు పక్కనే కదా, కిందికి లాగే గేర్లలో దాని బొడిపె నా మోకాలి చిప్ప మీదికి దిగుతోంది. చక్రాన్ని పూర్తిగా ఎడమకి తిప్పబోతే నా వేళ్లే నా తొడకీ చక్రానికీ మధ్య నలుగుతున్నాయి. మా ఆవిడ కిటికీలోంచి చెయ్యి పెట్టి టేపుతో కొలుస్తుంది. "తొడకీ చక్రానికీ మధ్య వేలు దూరడం లేదండీ." పుస్తకంలో రాసుకుంటుంది.

"కూర్చుంటే పడుతున్నాను కదా" అంటాను. కూర్చోవడం వేరు, తోలడం వేరని తెలిసే అంటాను.

మేస్త్రీ వచ్చి నా పక్కన సీటు మీద అరచేత్తో గట్టిగా నొక్కుతాడు. "ఇది కుంగిపోయిన సీటు సార్. స్ప్రింగులు అలిసిపోయాయి. కొత్త స్ప్రింగులేసి, పైన కొత్తగా కొబ్బరిపీచు, ఫోమూ పరిస్తే ఇంకో రెండంగుళాలు లేస్తారు. అప్పుడు మెడ ఎక్కడ పెట్టుకుంటారు?"

ఇది నాకు తట్టనే లేదు. పాత కారులో పొడుగు మనిషికి దొరికే చోటు చాలాసార్లు అరిగిపోయిన సీటు ఇచ్చేదే. ముచ్చటపడి కొని, ముచ్చటపడి బాగు చేయించాక తల కప్పుకి కొట్టుకుంటుంది.

నిన్న రాత్రి ఇంట్లో గోడకి వీపు ఆనించి పీట మీద కూర్చున్నాను. మా ఆవిడ నా నడినెత్తి మీద స్కేలు పెట్టి గోడ మీద పెన్సిలు గీత గీసింది. పీట నుంచి ఆ గీతకి తొంభై ఎనిమిది సెంటీమీటర్లు. నిలబడిన ఎత్తు కంటే ఈ కొలతే ముఖ్యం. మా పెదనాన్నగారి అబ్బాయిది నా ఎత్తే, కానీ అతని పొడుగంతా కాళ్లలో ఉంది. ఏ కారు ఎక్కినా తల హాయిగా ఉంటుంది, మోకాళ్లకే ఇబ్బంది. నాకు మొండెం పొడుగు. మా ఇద్దరికీ ఒకే కారు సరిపోదు. దర్జీ దగ్గర చేతికీ ఛాతీకీ వేరువేరుగా కొలతలిచ్చే మనం, కారు దగ్గరికి వచ్చేసరికి మొత్తం ఎత్తొకటే చెప్పి ఊరుకుంటాం.

"సీటు పట్టాలు వెనక్కి జరిపి కొత్త బోల్టులు వేస్తాను. ఫోము పలచన చేస్తాను. చిన్న స్టీరింగు కావాలంటే వేస్తాను. ఒక్క కప్పు మాత్రం నన్ను అడక్కండి" అంటాడు మేస్త్రీ.

కప్పు పెంచినవాళ్లూ ఉన్నారు. 1967లో లె మాన్ ఇరవై నాలుగు గంటల పందేనికి ఫోర్డ్ వాళ్లు మార్క్ ఫోర్ కారు తయారు చేస్తే, డాన్ గర్నీ అనే పొడుగు రేసరు అందులో పట్టలేదు. హెల్మెట్ ఉన్న తల పట్టేలా అతను కూర్చునే చోట కప్పు మీద బుడగలా ఒక ఉబ్బెత్తు చేశారు. ఆ బుడగతోనే అతనూ, అతని జోడీ డ్రైవరు ఫోయిటూ కలిసి పందెం గెలిచారు. జాగ్వార్ కంపెనీ 1961లో తెచ్చిన ఈ-టైప్‌కి మొదట నేల చదునుగా ఉండేది. మరుసటి ఏడాదే పాదాలుండే చోట నేలని కిందికి దింపింది. తయారుచేసినవాళ్లు తమ కారుని తాము మార్చుకున్నారు, అది వాళ్ల హక్కు. యాభై ఏళ్లు ఎవరో జాగ్రత్తగా కాపాడిన ఫియట్ నేలని నా కాళ్ల కోసం కోయించడానికి నాకు చేతులు రావు. చిన్న స్టీరింగు వేయిస్తే తొడలకి చోటొస్తుంది, నిజమే. కానీ పవర్ స్టీరింగు లేని బండి ఇది. చక్రం చిన్నదైన కొద్దీ తిప్పడానికి బలం ఎక్కువ కావాలి.

దిగడానికి నాకు చాలాసేపు పడుతుంది. మా ఆవిడ ఏమీ అనదు. తలుపు తనే మెల్లిగా వేస్తుంది.

రెండోది స్టాండర్డ్ హెరాల్డ్. మద్రాసులో తయారైనది, మిచెలోట్టి అనే ఇటలీ ఆయన గీసిన రూపం. బానెట్ మొత్తం ముందుకి తెరుచుకుంటుంది, మేస్త్రీలకి దీని మీద అందుకే అంత ప్రేమ. ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది. కానీ కప్పు నా ఛాతీ దాకానే ఉంది. లోపలికి దిగాలంటే బావిలోకి దిగినట్టుంది. కాళ్లు ముందుకి చాచుకోవచ్చు, ఆ సుఖం ఫియట్‌లో లేదు. తల మాత్రం పక్కకి వాల్చాల్సి వచ్చింది. రెండు నిమిషాల్లో బయటికొచ్చాను.

మూడోది కాంటెస్సా. 1984లో వచ్చినప్పుడు దీని ముందు నిలబడి ఫొటోలు దిగినవాళ్లున్నారు. విడివిడి సీట్లు, కాళ్లకి కావలసినంత చోటు. కూర్చోగానే సరిపోయిందనుకున్నాను. తీరా నడినెత్తి కప్పుకి ఆనింది. కిందటి యజమాని సీట్లకి మందపాటి ఫోమూ మెరిసే తొడుగూ వేయించాడు. మేస్త్రీ ఇందాక చెప్పింది ఇదే. ఆ సీటు విప్పించి పాత మందానికి తెస్తే ఈ కారు నాకు పనికొస్తుందనే నా నమ్మకం. పుస్తకంలో అలాగే రాయించాను.

వోక్స్‌వ్యాగన్ బీటిల్ సంగతీ చెప్పాలి. హైదరాబాదులో ఒక మిత్రుడి బీటిల్‌లో ఓసారి కూర్చున్నాను. గుమ్మటంలా వంపు తిరిగిన కప్పు, ఆ వంపు అన్నిటికంటే ఎత్తుగా ఉండేది ముందు సీట్ల దగ్గరే. బయటినుంచి చూస్తే చిన్న బొమ్మ, లోపల నా తల మీద పిడికిలి పట్టింది. కుడి చక్రం గూడు లోపలికి చొచ్చుకొచ్చి పెడల్స్ కాస్త ఎడమకి జరిగి ఉంటాయి. అంతకంటే వంక పెట్టడానికి ఏమీ లేదు. ధరే నాకు అందలేదు.

ఇక నాలుగోది. షెడ్డు చివర, పరదా కింద. మేస్త్రీ పరదా లాగగానే దుమ్ము లేచి ఎండలో తేలుతుంది. తెల్ల అంబాసిడర్, 1978 మోడలు, మార్క్ త్రీ.

నిజం చెప్పాలంటే దీన్ని చూడాలని నేను రాలేదు. అంబాసిడర్ అంటే నాకు కలెక్టరాఫీసు, పెళ్లివారి బండి, రైల్వే స్టేషను టాక్సీ. ఎవరి ఇంటిదీ కాని కారు. ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ రూపంతో, కలకత్తా పక్కన ఉత్తరపారాలో 2014 దాకా తయారవుతూనే ఉంది. అన్నేళ్లు కళ్ల ముందు తిరిగినదాన్ని ఎవరు తేరిపార చూస్తారు?

తలుపు తీస్తాను. ఎడమకాలు పెడతాను. నడుము కాస్తే వంగింది. కూర్చున్నాక తల ఎత్తి చూస్తాను. మా ఆవిడ చెయ్యి లోపలికి పెట్టి నా నడినెత్తికీ కప్పుకీ మధ్య వేళ్లు అడ్డంగా దూరుస్తుంది. ఒకటి, రెండు, మూడు.

"మూడు వేళ్ల సందుంది" అంటుంది.

"సీటు కుంగిందా?" మేస్త్రీని అడుగుతాను.

"మొన్న వేసవిలో నేనే స్ప్రింగులు మార్చాను సార్. అది అసలు ఎత్తే."

ఫియట్ ఎత్తు దాదాపు నాలుగడుగుల పది అంగుళాలు, ఇది ఐదడుగుల మూడంగుళాలు. ఆ తేడాలో ఎక్కువ భాగం నా తల మీదే ఉన్నట్టుంది. పొడుగాటి ఒకే సీటు వెనక్కి నెడతాను, చివరి పళ్లదాకా వెళుతుంది. అద్దంలోంచి వేపచెట్టు కొమ్మలు కనిపిస్తున్నాయి. బూట్లు వేసుకునే వచ్చాను, పన్నెండో నంబరు. చెప్పుల్లో చూసుకుని బూట్లతో తోలితే లెక్క తప్పుతుంది. కుడికాలు యాక్సిలరేటరు మీంచి బ్రేకు మీదికి, మళ్లీ వెనక్కి, పదిసార్లు. మడమ నేల మీదే ఉంది, మోకాలు డ్యాష్‌బోర్డు కింద అంచుకి తగలలేదు. బూటు అంచు ఒక్కసారీ రెండు పెడల్స్ మీదా పడలేదు. ఎడమకాలి దగ్గర నేల మీద డిప్పర్ బొత్తాముంది, మడమ ఎత్తకుండానే అందుతోంది.

"ఇలా కూర్చుంటే చాలదు మేస్త్రీ, తోలి చూడాలి" అంటాను.

"కంకిపాడు దాకా పోయి రండి" అని తాళం ఇస్తాడు.

చోక్ లాగి సెల్ఫ్ కొడితే రెండోసారికి అందుకుంది. 1489 సీసీ ఇంజను, తొందర తెలియనిది. ఆటోనగర్ గేటు దాటి బందరు రోడ్డెక్కుతాం. ఆగి ఉన్న బండిలో స్టీరింగు బరువు, కదిలాక ఆ బరువు పోతుంది. కానూరు, తాడిగడప, పోరంకి. సిగ్నలు దగ్గర తల వంచకుండా ఎర్ర దీపం చూస్తున్నాను. చిన్న సంగతే. గేరు కిందికి లాగుతాను, మోకాలికీ బొడిపెకీ మధ్య గాలి ఆడుతోంది. పెనమలూరు దాటాక దుకాణాలు పలచబడి పొలాలు వస్తాయి. మాఘమాసపు ఎండ. ఏసీ లేదు. ముందు కిటికీలకున్న చిన్న మూల అద్దం తిప్పితే గాలి నేరుగా మెడ మీదికి వస్తోంది. రేకు కప్పు కాగుతోంది. తల దానికి దగ్గరగా ఉంటే ఆ వేడి మాడుకి దిగేది, మూడు వేళ్ల సందు ఇక్కడా అక్కరకొచ్చింది.

ఒక లోటు కనిపెట్టాను. వీపు పలక నా భుజాల కిందే ఆగిపోతోంది. తలకి ఆనడానికి ఏమీ లేదు. వెనకనుంచి ఎవరైనా గుద్దితే మెడ విరిగేలా వెనక్కి పడుతుంది. పొట్టివాళ్లకి కాస్త నయం, నా ఎత్తువాళ్లకి నిజంగా ప్రమాదం. సీటు మేస్త్రీతో ఆ పలకని తల దాకా పెంచి కట్టించాలి, అడుగున రేకుకి దళసరి పట్టీ వేసి బెల్టులు బిగించాలి. ఈ మార్పుకి మాత్రం నాకు మనసు ఒప్పుతుంది. బోల్టులు విప్పితే మళ్లీ పాత కారు పాత కారే.

కంకిపాడులో టీ తాగి వెనక్కి తిప్పుతాం. షెడ్డు ముందు ఆపి దిగేసరికి గంటా పది నిమిషాలయింది. నడుము పట్టలేదు. కుడి మోకాలు నొప్పి లేదు. నాలుగడుగులు అటూ ఇటూ నడిచి చూసుకుంటాను. లేదు.

కాగితాలు చూస్తాను. ఆర్సీ రెన్యువల్ అయి ఉంది, ఛాసిస్ నంబరు సరిపోయింది. ధర దగ్గర కాసేపు అటూ ఇటూ లాగి ఒక మాట మీదికి వస్తాం. ఆ మధ్యలో నేను ఫియట్ వైపు ఎన్నిసార్లు చూశానో నాకే తెలియదు. మీగడ రంగు బానెట్ మీద రంపపు పొట్టు పలచగా పేరుకుంది. లేచి వెళ్లి అరచేత్తో తుడుస్తాను. సగటు ఎత్తు మనిషి ఎవరో వస్తాడు, అతనికి ఇది సరిగ్గా సరిపోతుంది.

"ఏమండీ, ఇలా రండి."

మా ఆవిడ ఇంకా అంబాసిడర్ ముందు సీట్లోనే కూర్చుని ఉంది. నా వైపు ఒక్క దాన్నే వెనక్కి జరిపే వీలు లేదు, సీటు మొత్తం ఒకటే పలక. నా కాళ్ల కోసం చివరిదాకా నెట్టేసరికి ఆమె కూడా వెనక్కి వెళ్లిపోయింది. ఐదడుగుల మనిషి. పాదాలు నేలకి అందక గాల్లో ఉన్నాయి. గంటా పది నిమిషాలు అలాగే కూర్చుంది. ఒక్క మాట అనలేదు. నేను నా మోకాళ్లే చూసుకున్నాను.

"ఇది ముందే చెప్పొద్దూ?" అంటాను.

"మీరు కొలతలన్నీ అయ్యాక చెబుదామని."

మేస్త్రీ ఆమె పాదాల వంక చూస్తాడు, జేబులోంచి సుద్దముక్క తీస్తాడు, పక్క షెడ్డులోకి వెళతాడు. రంపం ఆగి మళ్లీ మొదలవుతుంది. లారీ బాడీకి కోయగా మిగిలిన టేకు ముక్కతో తిరిగొస్తాడు. అంచులు చేత్తో తడిమి, ఒక మూల గీసి నున్నచేసి, ఆమె కాళ్ల కింద ఏటవాలుగా పెడతాడు.

"ఇప్పుడు అందుతున్నాయా అమ్మా?"

ఆమె చెప్పులు విప్పి, రెండు పాదాలూ చెక్క మీద ఆనిస్తుంది. "ఇంకొక్క అంగుళం ముందుకి" అంటుంది. అతను జరుపుతాడు.