రాక్షసగుళ్ళు రాక్షసులవి కావు

తెలంగాణ పల్లెల్లో ఊరికి ఎడంగా, గుట్ట కిందనో చెలక గట్టునో పెద్ద పెద్ద గుండ్లు గుండ్రంగా పేర్చి, నడుమ చిన్న రాళ్ళ కుప్ప పోసి ఉన్న చోట్లు కొన్ని ఉంటాయి. వాటిని రాక్షసగుళ్ళు అంటారు. కొందరు రాకాసిగుళ్ళంటారు, కొందరు పాండవుల గుళ్ళంటారు. పేరులో గుడి ఉందే గాని అక్కడ దేవుడూ లేడు, దీపమూ లేదు. అవి సమాధులు. రమారమి 3,000 ఏళ్ళ నాటి మన పూర్వులవి. చరిత్రకారులు వాటిని బృహత్ శిలాయుగపు సమాధులని పిలుస్తారు.

ఉద్యోగరీత్యా వికారాబాదు, తాండూరు వైపు పల్లెలు తిరిగిన రోజుల్లో ఈ మాట ఎత్తితే పెద్దవాళ్ళు చెప్పేది ఒక్కటే. "అంతంత బండలు మనుషులతోని లేస్తయా సారూ? రాక్షసులే కట్టిండ్రు." ఈ జవాబును అమాయకత్వమని కొట్టిపారేయనక్కర లేదు. ఉత్తర ఐరోపాలో బాగా చదువుకున్నవారు కూడా ఒకప్పుడు సరిగ్గా ఇదే అన్నారు. హాలండులోని డ్రెంతే ప్రాంతంలో ఇలాంటి రాతి సమాధులను హునెబెడ్ అంటారు. అంటే రాక్షసుల పడక. డెన్మార్కులో యెట్టెస్టూ అంటారు. అంటే రాక్షసుల గది. 1660లో పికార్ట్ అనే డచ్చి మతబోధకుడు రాసిన పుస్తకంలో రాక్షసాకారులు బండలెత్తి ఈ సమాధులు కడుతున్నట్టు బొమ్మలు కూడా వేయించాడు. 1685లో టిటియా బ్రాంగర్స్‌మా అనే కవయిత్రి బోర్గర్ అనే ఊళ్ళోని సమాధి దగ్గర తవ్వించి చూసింది. కుండలు, ఎముకలు బయటపడ్డాయి. రాక్షసులు కట్టిన జాడ మాత్రం లేదు. ఆ సమాధి 22 మీటర్లకు పైగా పొడవున్నది, నేటికీ నిలిచి ఉంది.

మన వైపు ఆ పని 165 ఏళ్ళ పైచిలుకు ఆలస్యంగా జరిగింది. చేసినవాడు మెడోస్ టేలర్. 'ఒక థగ్గు ఒప్పుకోళ్ళు' అని చెప్పదగిన ఆంగ్ల నవలను 1839లో రాసి పేరు పొందిన నైజాము సైన్యాధికారి. 1841 నుంచి 1853 వరకు సురపురం సంస్థానం వ్యవహారాలు చూశాడు. బాలరాజు వెంకటప్ప నాయకుడు ఆయన్ని 'అప్పా' అని పిలిచేవాడట. ఆ రాజే తరువాత తెల్లవారి మీద తిరగబడి 1858లో తుపాకి గుండుతో ప్రాణం విడిచాడు. అది వేరే కథ. సురపురం పరిసరాల్లోని రాజన్‌కోలూరులోనూ, భీమా నదికి దగ్గరి జేవర్గిలోనూ టేలర్ 1850ల కాలంలో ఈ సమాధులను పరిశీలించి, తవ్వించి, కొలతలు వేసి వ్యాసాలు ప్రచురించాడు. దక్కనులో ఈ తరహా పని చేసిన తొలివారిలో ఆయన ఒకడు.

ఇదంతా కన్నడ సీమ సంగతి, మనకెందుకని పాఠకులు అనుకోవచ్చు. జేవర్గి, సురపురం నైజాము కాలంలో గుల్బర్గా జిల్లాలోవి. మన తాండూరు, కొడంగల్ తాలూకాలూ ఆ జిల్లాలోవే. 1956 నవంబరు 1న రాష్ట్రాల పునర్విభజన జరిగినప్పుడు గుల్బర్గా జిల్లా మైసూరు రాష్ట్రానికి పోయి, ఈ రెండు తాలూకాలు మాత్రం మన వైపు మిగిలాయి. తాండూరు పక్కన పారే కాగ్నా వెళ్ళి కలిసేది కూడా భీమాలోనే. టేలర్ తవ్వింది మన పాత జిల్లా మట్టినే అన్నమాట.

అక్కడి జనం ఆయనకు చెప్పిన మాట మన రాక్షసులకు పూర్తిగా వ్యతిరేకం. ఆ రాతి గదులు 'మోరీల ఇళ్ళు' అట. మోరీలంటే మూరెడు జానెడు మరుగుజ్జులు. గది చిన్నది కనుక అందులో కాపురమున్నవాడు పొట్టివాడై ఉండాలని ఒకరు, బండ పెద్దది కనుక ఎత్తినవాడు రాక్షసుడై ఉండాలని మరొకరు. రెండు చోట్లా తర్కం బాగానే ఉంది!

ఇంతకూ లోపల ఏముంటుంది? వీటిలో ముఖ్యమైన ఒక రకాన్ని చెబుతాను. గుంత తవ్వి, నాలుగు వైపులా నాలుగు పలకబండలు నిలబెడతారు. ఒక్కొక్క బండ కొస పక్క బండను దాటి ముందుకు వచ్చేట్టు, పై నుంచి చూస్తే స్వస్తిక ఆకారంలో అమరుస్తారు. బయటి మట్టి ఎంత ఒత్తినా ఒక బండ మరొకదానికి ఊతమై లోపలికి పడదు. సున్నం లేదు, సిమెంటు లేదు. కొన్నింటిలో ఒక బండకు, తరచుగా తూర్పు వైపు, గుండ్రటి రంధ్రం తొలిచి ఉంటుంది. పైన మూతబండ, దాని మీద రాళ్ళ కుప్ప, చుట్టూ గుండ్ల వలయం. సిద్దిపేట దగ్గరి నర్మెట్టలో 2017లో తవ్వినప్పుడు దొరికిన మూతబండ 40 టన్నులకు పైబడినదని లెక్క కట్టారు. దాన్ని కదల్చడానికి క్రేను కావలసి వచ్చింది. ఆనాటివారికి ఉన్నది మోకులు, దుంగలు, మనుషుల భుజాలు.

తాండూరు బండల మీద నడిచి పెరిగిన మనకు ఇందులో ఒక సంగతి తొందరగా అర్థమవుతుంది. నాపరాయి నేలలో పొరలు పొరలుగా ఉంటుంది, గడ్డపార వేస్తే పలకగా లేస్తుంది. తాండూరు నుంచి షాబాదు మీదుగా భీమా లోయ దాకా ఉన్నది ఒకే జాతి సున్నపురాయి. పలక దొరికే చోట బండల పెట్టెలు కట్టడం సులువు. పలక దొరకని చోట గుండ్లను వలయంగా దొర్లించి, లోపల గుంతలోనో మట్టి తొట్టెలోనో ఎముకలుంచేవారు. డ్రెంతేలో అసలు కొండే లేదు. మంచుయుగంలో హిమానీనదాలు స్కాండినేవియా నుంచి ఈడ్చుకొచ్చి వదిలిన గుండ్లతోనే అక్కడివారు సమాధులు కట్టారు. ఏ నేల ఏ రాయి ఇస్తే ఆ రాయి.

లోపల దొరికేవాటిలో మొదట చెప్పవలసింది కుండలు. లోపలా మూతి దగ్గరా నలుపు, బయట ఎరుపు. కుండను బోర్లించి కాలిస్తే గాలి తగలని భాగం నల్లబడి, తగిలిన భాగం ఎర్రబడుతుంది. కుమ్మరి నేర్పు అది. ఆ తరువాత ఇనుము: గొడ్డళ్ళు, కత్తులు, ఈటెమొనలు, కొన్నిచోట్ల గుర్రపు కళ్ళెపు ముక్కలు. పూసలు ఉంటాయి. ఎముకలు చాలాచోట్ల పూర్తి అస్థిపంజరంగా ఉండవు, ఏరి తెచ్చి పెట్టినట్టు ఉంటాయి. జేవర్గిలో తలలు మొండెం నుంచి వేరుగా కనిపించేసరికి టేలర్ నరబలి అనుకున్నాడు. శవాన్ని మొదట ఒకచోట ఉంచి, ఎముకలు మిగిలాక వాటిని తెచ్చి సమాధిలో పెట్టే ఆచారం ఆనాడు బహుళంగా ఉండేదని తరువాతి తవ్వకాలు తేల్చాయి. అస్థులు ఏరి నదిలో కలిపి, పెత్రమాస నాడు పెద్దలకు పెట్టుకునే మనకు ఎముకల పక్కన కుండలెందుకో ఇంకొకరు చెప్పనక్కర లేదు.

టేలర్ చేసిన పెద్ద పొరపాటు మరొకటి. తన దేశంలో చూసిన సమాధులను, ఇక్కడివాటిని పక్కపక్కన పెట్టి, పోలిక చూసి, ఇవి కెల్టులవో శకులవో అయి ఉంటాయని తలచాడు. అంటే ఉత్తరాది నుంచో పడమటి నుంచో వచ్చిన జాతి కట్టినవని. పోలిక నిజమే, నాలుగు బండలూ మూతా ఎక్కడైనా ఒకలాగే ఉంటాయి. కాని కాలం కలవదు. డెన్మార్కు, హాలండుల రాతి సమాధులు సుమారు 5,000 ఏళ్ళ కిందటివి. వాటిని కట్టినవారు ఇనుము ఎరుగరు. ఐర్లండులోని న్యూగ్రేంజి కూడా సుమారు క్రీ.పూ. 3200 నాటిది. మనవి ఇనుప యుగపువి. 1947లో కర్ణాటకలోని బ్రహ్మగిరిలో తవ్విన వీలర్ వీటిని క్రీస్తుకు రెండు మూడు శతాబ్దాల ముందువిగా మాత్రమే లెక్కించాడు. కార్బన్ పరీక్షలు వచ్చాక ఆరంభం క్రీ.పూ. 1000 దాటి వెనక్కి జరిగింది. అయినా రెండింటి మధ్య వేల ఏళ్ళ ఎడం ఉండనే ఉంది. బస్తరు గోండుల్లో చనిపోయినవారికి నిలువురాయి నాటే ఆచారం ఈ కాలం దాకా సాగింది. వాళ్ళకు ఆ విద్య ఏ తెల్లవాడూ నేర్పలేదు.

నైజాము ప్రభుత్వం 1914లో పురావస్తు శాఖ నెలకొల్పి గులాం యజ్దానీని అధిపతిగా వేసింది. హైదరాబాదు పురావస్తు సంఘం కూడా ఆ రోజుల్లోనే ఏర్పడింది. భువనగిరి దగ్గరి రాయగిరి సమాధులను హంట్ తవ్వించాడు. సమాధుల కుండల మీద గీసిన గుర్తులను యజ్దానీ సేకరించి ప్రచురించాడు. అవి అక్షరాలా, కుమ్మరి గుర్తులా అన్నది ఇప్పటికీ చర్చలోనే ఉంది. తరువాత వి.వి. కృష్ణశాస్త్రి గారు రాష్ట్రమంతటి సమాచారాన్ని కూర్చి 1983లో గ్రంథం తెచ్చారు. గచ్చిబౌలిలో హైదరాబాదు విశ్వవిద్యాలయం ఆవరణలోనే ఈ సమాధులు బయటపడ్డాయి. హష్మత్‌పేటలో ఉన్నవాటిని ఇళ్ళు చుట్టుముట్టాయి. కృష్ణా తీరాన ముడుమాలులో మనిషికి రెండింతల ఎత్తున్న నిలువురాళ్ళు 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కాయి. అక్కడ ఒక రాయిని ఊరివారు ఎల్లమ్మగా కొలుస్తారు. చట్టం కంటే ముందు ఆ రాయిని కాపాడింది ఆ మొక్కే అని నా అభిప్రాయం.

మొక్కు లేని రాయి గతి ఏమిటన్నదే ప్రశ్న. 1731 ప్రాంతంలో హాలండులో సముద్రపు కట్టల కలపను పురుగు తొలిచేసింది. కలప బదులు రాయి కావలసి వచ్చి, రాక్షసుల పడకలను కూల్చడం మొదలుపెట్టారు. 1734లో డ్రెంతే పాలకులు ఆ రాళ్ళను ముట్టరాదని ఆజ్ఞ ఇచ్చారు. ఇప్పుడు ఆ దేశంలో మిగిలినవి 54, వాటిలో 52 డ్రెంతేలోనే. మన దగ్గర గుండ్లు కంకరవుతాయి, బండలు గట్టుకో గడపకో పోతాయి. చెలక చదును చేసే యంత్రానికి వలయం అడ్డు. అన్నిటినీ మించి గుప్తనిధుల పిచ్చి ఉంది. అమావాస్య రాత్రి నిమ్మకాయలు కోసి తవ్వేవారికి చివరకు దక్కేది కుండపెంకు, తుప్పు పట్టిన ఇనుము. ఎముకలను చిందరవందర చేసిపోతారు. ఒకసారి కదిలిన ఎముక ఏ కుండ పక్కన, ఏ దిక్కుగా ఉండేదో ఇక ఎవరూ చెప్పలేరు.

భూమిలో దొరికిన వస్తువు విలువ పది రూపాయలు మించితే కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి నిధుల చట్టం చెబుతుంది. మన సభ్యుల్లో రెవెన్యూ, సర్వే, అటవీ, విద్యా శాఖల్లో పనిచేసి ఊరూరూ ఎరిగినవారు చాలామంది ఉన్నారు. మీ ఊళ్ళో రాక్షసగుళ్ళు అనే చోటు ఉంటే ఊరి పేరు, సర్వే నంబరు, వలయాలు ఎన్ని, పలకబండలు పైకి కనబడుతున్నాయా, దగ్గర చెరువో వాగో ఉందా అన్నవి ఒక కార్డు మీద రాసి సంఘం కార్యాలయానికి పంపండి. అన్నీ ఒక్కచోట చేర్చి పురావస్తు శాఖకు అందజేద్దాం. దయచేసి ఎవరూ తవ్వి చూడవద్దు.