బ్లాక్‌బర్డ్ ఇంధన లీకు: ప్రచారమెంత, ఆధారమెంత?

అమెరికా నిఘా విమానం ఎస్‌ఆర్-71 బ్లాక్‌బర్డ్ నేల మీద నిలిచి ఉన్నప్పుడు ఇంధనం కారేదన్నది నిర్వివాదం. ఎందుకు కారేదన్న దగ్గరే కథనాలు వేరుపడతాయి. వేడికి వ్యాకోచించి మూసుకుంటాయని రేకుల మధ్య కావాలనే సందులు వదిలారనీ, ఇంధనం కారిపోవడం వల్లే పైకి లేచిన వెంటనే మళ్లీ నింపుకునేదనీ బహుళ ప్రచారం ఉంది. ఈ రెండు వాదాలనూ విడివిడిగా చూడాలి.

1. 1964 డిసెంబర్ 22న తొలిసారి ఎగిరిన ఈ విమానం ధ్వనికి మూడు రెట్లు మించిన వేగంతో పోయేది. ఆ వేగంలో పైరేకు చాలాచోట్ల 250 డిగ్రీల సెల్సియస్ దాకా, కొన్నిచోట్ల అంతకు మించీ వేడెక్కేది. అందుకే టైటానియం వాడారు. ఈ విమానంలో పైరేకే ట్యాంకు గోడ. అతుకుల వెంట పూసిన సీలెంటే ఇంధనానికి అడ్డు.

2. టైటానియం ఒక్కో డిగ్రీకి మీటరుకు సుమారు 9 మైక్రాన్లు సాగుతుంది. 32 మీటర్ల పైచిలుకు పొడవున్న విమానం 230 డిగ్రీలు అదనంగా వేడెక్కిందనుకుంటే మొత్తం పెరుగుదల ఏడు సెంటీమీటర్లకు అటూఇటూ. మీటరుకు రెండు మిల్లీమీటర్లే. పైగా రేకులూ లోపలి చట్రమూ సమానంగా వేడెక్కితే సందు కూడా అదే నిష్పత్తిలో పెరుగుతుంది గానీ మూసుకోదు. చట్రం చల్లగా ఉన్నంతసేపు మాత్రం కొంత బిగుసుకోవచ్చు. కాబట్టి వ్యాకోచ వాదం పూర్తిగా తప్పు కాదు గానీ, దానికి ఇచ్చిన ప్రాధాన్యం ఎక్కువే. ప్రతి ప్రయాణంలోనూ వేడెక్కి చల్లారి సీలెంట్ పెళుసెక్కి ఊడిపోవడమే ప్రధాన కారణమనడం సబబు. నిర్వహణ నియమాల్లో ఏ చోట నిమిషానికి ఎన్ని చుక్కల వరకు ఉపేక్షించవచ్చో పరిమితులుండేవి. జేపీ-7 ఇంధనం సుమారు 60 డిగ్రీల లోపు మండే ఆవిరి ఇవ్వదు గనుక ఆ సడలింపు సాధ్యమైంది.

3. ఇక రెండో వాదం. ట్యాంకుల్లో దాదాపు 36 టన్నుల ఇంధనం పట్టేది. చుక్కల లెక్కన కారేది అందులో స్వల్పం. టేకాఫ్‌లో ఒక ఇంజిన్ ఆగినా నిలదొక్కుకోవడానికీ, టైర్లు, బ్రేకుల మీద భారం తగ్గించడానికీ తక్కువ ఇంధనంతో లేచేవారని పైలట్ల వివరణ. గాలిలో ట్యాంకులు నిండా నింపితే లోపలి గాలి బయటికి పోయి, ఆపై ఖాళీ అయ్యే చోటల్లా నైట్రోజన్ చేరేది. అంత వేడిలో పేలుడు ముప్పు తప్పించే ఏర్పాటు అది.

లభ్యమైన ఆధారాలను బట్టి లీకు నిజం, సందుల కథ అతిశయోక్తి, లీకు వల్లే గాలిలో ఇంధనం నింపుకునేదన్న వాదం నిలవదు.