అకాల దంతపతనము – కట్టుడు పండ్లు : సిరొంచ సీమను గూర్చిన పరిశీలనము

పండ్లూడుట ముసలితనమునకు గుర్తని లోకము తలచును. అందుచే నడివయస్సు రాకమునుపే పండ్లను పోగొట్టుకొన్నవారికి రెండు నష్టములు కలుగుచున్నవి. నమలుశక్తి పోవుట మొదటిది. వయస్సునకు మించిన ముసలితనము ముఖమున కనబడుట రెండవది. మొదటి నష్టమును వైద్యునితో చెప్పుకొందురు. రెండవదానిని ఎవరితోడను చెప్పుకొనక, నవ్వునపుడు చేయి అడ్డము పెట్టుకొందురు. యౌవనముననే కట్టుడు పండ్లు పెట్టించుకొనవలసి వచ్చినవారి చరిత్ర ఇట్టి మౌనముచేతనే గ్రంథములకెక్కక మిగిలిపోయినది. ప్రాణహితా గోదావరుల సంగమతీరమందలి సిరొంచ సీమను దృష్టియందుంచుకొని ఆ చరిత్రను సంగ్రహముగా పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము.

1. పురాణము, ప్రాచీన వైద్యము

దక్షయజ్ఞ ధ్వంసమున వీరభద్రుడు పూషుని పండ్లు రాలగొట్టెనను కథ తెలుగువారికి సుపరిచితము. వైదిక వాఙ్మయమునందును పూషుడు దంతహీనుడు; అతనికి నమలనక్కరలేని పిండి, జావ మొదలగునవే హవిస్సుగా చెప్పబడినవి. అతడు వృద్ధుడు కాడు, దేవత. పండ్లు లేనంతమాత్రమున యజ్ఞభాగము పోలేదు. ఆహారము మాత్రము మారినది. పండ్లు పోయినవానిని పంక్తినుండి లేపక, అతడు తినదగినది వడ్డించుట ప్రాచీనుల మర్యాదయని దీనివలన గ్రహింపవచ్చును.

సుశ్రుత సంహిత 65 ముఖరోగములను పేర్కొని, వానిలో 15 దంతమూలమునకు, అనగా చిగురునకు సంబంధించినవనియు, 8 మాత్రమే దంతమునకు సంబంధించినవనియు విభజించినది. పండ్లకంటె చిగుళ్ళ రోగములే ఎక్కువగా లెక్కింపబడుట గమనింపదగినది. పెద్దవారి పండ్లు కదలి ఊడిపోవుటకు చిగుళ్ళ వ్యాధి ముఖ్యకారణములలో నొకటియని నేటి వైద్యమును చెప్పుచున్నది. దంతధావనమునకు ఆ గ్రంథము మెచ్చిన వృక్షములు వేప, చండ్ర, ఇప్ప, కానుగ. ఈ నాలుగును సిరొంచ అడవులలో పెరుగునవే. పందుంపుల్లతో పండ్లు తోముకొనుట ఈ సీమలో ఇంకను పూర్తిగా అంతరింపలేదు.

2. 'కట్టుడు' అను మాట

కృత్రిమ దంతములకు తెలుగున ఏర్పడిన పేరు 'కట్టుడు పండ్లు'. నేటి పండ్ల వరుసను ఎవ్వరును కట్టరు, పెట్టుకొందురు. అయినను మాటలో కట్టుట నిలిచియున్నది. కదలు పంటినిగాని, పెట్టిన పంటినిగాని ప్రక్కపండ్లకు తీగతో కట్టు పద్ధతి ప్రపంచమున మిక్కిలి ప్రాచీనము. ఇటలీదేశపు ఎట్రుస్కనులు క్రీస్తుపూర్వము 7వ శతాబ్ది నాటికే బంగారు పట్టీలతో పండ్లను బిగించిరి. మన దేశమున 1194లో చందావర్ యుద్ధమున నిహతుడైన గాహడవాల ప్రభువు జయచంద్రుని కళేబరమును, బంగారముతో బిగించిన పండ్లనుబట్టి గుర్తించిరని అరబ్బీ చరిత్రకారుడు ఇబ్న్ అల్ అసీర్ వ్రాసెను. తెలుగుమాట ఇట్టి పనితనమునే స్మరింపజేయుచున్నది.

3. ధనికుల సొత్తు సామాన్యునికి దక్కుట

జపానులో 16వ శతాబ్ది నాటికే కొయ్యను చెక్కి పూర్తి పండ్ల వరుసను చేసిరి. ఐరోపాలో ఏనుగు దంతము, నీటిగుఱ్ఱపు దంతము, చనిపోయినవారి పండ్లు వాడుకలో నుండెను. 1815 నాటి వాటర్లూ యుద్ధభూమిలో పడిన యువసైనికుల పండ్లు పీకి అమ్ముకొనుటచే అట్టివానికి 'వాటర్లూ పండ్లు' అను పేరు కలిగెను.

పిన్నవయస్సున పండ్లు పోగొట్టుకొన్నవారిలో ప్రసిద్ధుడు అమెరికా ప్రథమాధ్యక్షుడు జార్జి వాషింగ్టను. 1756లో, 24 ఏండ్ల ప్రాయమున, ఆతని పన్ను మొదటిసారి తీసిరి. 1789లో పదవి స్వీకరించునాటికి నోట ఒక్క పన్ను మాత్రమే మిగిలినది. ఆతని కట్టుడు పండ్లు కొయ్యవని వాడుక గలదు; అది సరికాదు. దంతము, లోహము, మనుష్యుల పండ్లు చేర్చి చేసినవవి.

19వ శతాబ్ది మధ్యమున రెండు మార్పులు జరిగెను. మత్తుమందు వాడుకలోనికి వచ్చుటచే పన్ను తీయించుకొనుట బాధారహితమయ్యెను; గంధకముతో గట్టిపరచిన రబ్బరుచే పండ్ల చిగురు చౌకయయ్యెను. 1930ల చివర రబ్బరు స్థానమును అక్రిలిక్ ఆక్రమించెను. నేడును ఎక్కువగా వాడబడునది అదియే. చౌకదనమున ఒక విపరీతమును పుట్టెను. 20వ శతాబ్ది పూర్వార్ధమున బ్రిటనులో, మున్ముందు దంతవైద్యపు ఖర్చు భర్తపై పడకుండుటకై, పెండ్లికి ముందే వధువు పండ్లన్నియు తీయించి కట్టుడు పండ్లు కానుకగా పెట్టించిన కుటుంబములు గలవు. 1948లో ఉచిత వైద్యసేవ ప్రారంభింపగా కట్టుడు పండ్లకై జనము విరుచుకొనిపడిరి. ఆ ఖర్చు భరింపలేక 1951లో ప్రభుత్వము రుసుము విధింపగా, ఆ సేవను నెలకొల్పిన మంత్రి అన్యూరిన్ బెవాన్ రాజీనామా చేసెను. పండ్లు లేనివాని ఆకలి రాజ్యాంగ విషయము కాగలదని ఇందువలన తెలియుచున్నది.

భారతదేశమున రఫీయుద్దీన్ అహమ్మదు 1920లో కలకత్తాలో ప్రథమ దంతవైద్య కళాశాలను స్థాపించెను. 1948లో దంతవైద్యుల చట్టము వచ్చెను.

4. సిరొంచ సీమ

1860 నాటి ఒడంబడికచే నిజాము గోదావరి ఎడమగట్టు తాలూకాలను ఆంగ్లేయుల కిచ్చెను. సిరొంచ ముఖ్యపట్టణముగా ఎగువ గోదావరి జిల్లా ఏర్పడి, 1874లో రద్దుకాగా, సిరొంచ చాందా జిల్లాలో కలిసెను. 1960లో మహారాష్ట్రము, 1982 ఆగష్టు 26న గడ్చిరోలి జిల్లా అవతరించెను. ఇన్ని మార్పులలో ప్రజల ఇంటిభాష తెలుగుగానే నిలిచినది. జిల్లా కేంద్రము రమారమి 200 కిలోమీటర్లు; ఏరు దాటిన తెలంగాణము. పూర్వము నాటు పడవలపై దాటిన నదులపై ఇటీవలి కాలమున వంతెనలు వెలసినవి.

దూరమునకును కట్టుడు పండ్లకును సంబంధమున్నది. పూర్తి వరుస ఒక్కరోజున తయారుకాదు. అచ్చు తీయుట, మైనముపై కాటు కొలుచుట, మైనపు వరుస పెట్టి చూచుట, తుదిరూపమిచ్చుట, ఒరసికొన్నచోట సవరించుట అను పనులకు పలుమారులు పోవలెను. కూలి మానుకొని, బండికి ఖర్చుపెట్టి పోవలసినవాడు మూడవ ప్రయాణమునకే విసిగిపోవును. అందుచేతనే సంతలలో రోడ్డుప్రక్క కూర్చుండి అప్పటికప్పుడు పన్ను అతికించువానికి గిరాకి. అట్లతికించిన ముద్ద ప్రక్కపండ్ల చిగుళ్ళను కోసి, ఒక పంటికై పోయినవానికి నాలుగు పండ్లు పోగొట్టును. 'పండ్లూడగొట్టుకొనుటకు ఏ రాయి యైననేమి' యను సామెత ఇక్కడ అక్షరసత్యము.

పిన్నవయస్సువారి పండ్లకును నోటికిని ఈ జిల్లాలో కీడు చేయునది పొగాకు. పోకచెక్కలు, పొగాకు, సున్నము చేర్చి ప్లాస్టిక్కు కాగితములో నలిపి చేయు ఖర్రా విదర్భ అంతటను వ్యాపించినది. కాల్చిన పొగాకుపొడితో పండ్లు తోముకొను స్త్రీలును గలరు. మహారాష్ట్ర ప్రభుత్వము 2012లో గుట్కాను నిషేధించెను. అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు 1986లో గడ్చిరోలి ప్రాంతమున స్థాపించిన 'సర్చ్' సంస్థ ప్రభుత్వముతో కలిసి 2016లో 'ముక్తిపథ్' అను మద్యపొగాకు నివారణోద్యమము నారంభించెను.

ఖర్రా చేయు కీడు చిగుళ్ళతో ఆగదు. పోక నమలుటచే బుగ్గల లోపలి పొర నారకట్టి బిగుసుకొనును. క్రమముగా రెండు వ్రేళ్ళు కూడ దూరనంతగా నోరు ఇరుకగును. అట్టివానికి పండ్లు పోయినపుడు అచ్చు తీయు పళ్ళెము నోట దూరదు. కావున కట్టుడు పండ్లు పెట్టుటయు దుర్లభమగును. పైగా ఆ స్థితి క్యాన్సరునకు దారితీయవచ్చును. పండ్లు పోయిన పెట్టించుకొనవచ్చుననెడి ధీమా ఇచట చెల్లదు.

తెలంగాణమందలి నల్లగొండ జిల్లా కథ వేరు. అచట నీటిలోని ఫ్లోరైడు పిల్లల పండ్లను గోధుమవన్నెకు త్రిప్పి గుంటలు పడవేసెను. పండ్లు తోమనందున కలిగిన దోషమని నిందింపబడిన పిల్లలు నిజమునకు నిర్దోషులు, దోషము బావినీటిది. ఆ నీటిని పటికతో, సున్నముతో శుద్ధిచేయు విధానమును 1970లలో నాగపురమందలి జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ రూపొందించి దానికి 'నల్లగొండ విధాన'మని పేరిడెను. విదర్భ తెలంగాణమున కొనర్చిన ఈ ఉపకారము సరిహద్దు తెలుగువారు గర్వముతో చెప్పుకొనదగినది.

5. యౌవనమున కట్టుడు పండ్లు

పన్ను పోయినచోట దవడయెముక క్రమముగా అరిగిపోవును. మొదటి సంవత్సరమున ఆ అరుగుదల అధికము. పిమ్మట మెల్లగా జీవితాంతము సాగును. డెబ్బదియేండ్ల వయస్సున పెట్టించుకొన్నవానికి ఒక వరుస చాలవచ్చును. ముప్పదియేండ్లకే పెట్టించుకొన్నవాడు పెక్కుమారులు మార్పించుకొనవలెను. తుదకు క్రింది వరుసకు పట్టే దొరకకపోవచ్చును. పూర్తి వరుసతో నమలుశక్తి సహజదంతములలో నాలుగవవంతునకు మించదు. కావున నిలుపదగిన పండ్లను, కడకు వేళ్ళనైనను నిలుపుకొనుట మేలు. 'ఎట్లును పోవునవే, అన్నియు పీకించుము' అను ఇరుగుపొరుగువారి సలహా యువకునికి ఎన్నటికిని తీరని నష్టము. రాత్రివేళ వరుసను తీసి నీట నుంచుటయు, చిగుళ్ళకు విశ్రాంతి నిచ్చుటయు అలవరచుకొనవలెను.

భాషకును ఇందు పాలున్నది. త, థ, ద, ధ, న అను దంత్యములకు నాలుకకొన పైపండ్లను తాకవలెను; 'వ'కారమునకు క్రిందిపెదవి పైపండ్లను చేరవలెను. చిన్నయసూరి బాలవ్యాకరణమున దంత్యములుగా చెప్పబడిన చ, జలు, అనగా చలి, జడ మొదలగు మాటలలోనివి, తెలుగున మాత్రమేగాక మరాఠీయందును గలవు. రెండు భాషల నడుమ బ్రతుకు సిరొంచవాసికి ముందుపండ్లు పోయినచో రెండు భాషలును చెడును. బడిలో బిడ్డకు పాఠము చెప్పించు తల్లి, సంతలో బేరమాడు యువకుడు, అంగన్‌వాడీలో పాటపాడు పంతులమ్మ మాటలాడుటయే తగ్గించుకొందురు. కట్టుడు పండ్లు పెట్టుకొన్న మొదటి వారములలో తడబాటు సహజము. దినమునకు కొంతసేపు బిగ్గరగా గ్రంథపఠనము చేసినచో నాలుక క్రొత్త స్థానముల నెరుగును. ఇందుకు తెలుగు వాచకమును మించిన సాధనము లేదు.

6. ఉపసంహారము

శనగలున్నపుడు పండ్లుండవు, పండ్లున్నపుడు శనగలుండవని మరాఠీవారి సామెత. సిరొంచ యువకునకు నేడు శనగలును గలవు, పండ్లును గలవు. రెంటిని హరించునది రోజుకు కొన్ని రూపాయల ఖర్రా పొట్లము. దానిని మానిపించుట ఇంటి పని, బడి పని, సంఘపు పని. ఇదివరకే పండ్లు పోగొట్టుకొన్నవారిని వయస్సెంతయని ఎగతాళి చేయక, కండ్లద్దములు పెట్టుకొన్నవారిని చూచినట్లే చూచుట సభ్యత. పూషునికి పిండివంట వడ్డించి పంక్తిలో నిలిపిన సంప్రదాయమునకు వారసులైన తెలుగువారికి ఇది క్రొత్తగా నేర్వవలసినది కాదు.