స్లో నిలబడాలి

పెంకుటింటి చూరు చేతికందేంత దూరంలో ఉంది. చూరు మీద ముగ్గురు. ముసలాయన, కోడలు, ఆమె చంకలో ఏడాది పిల్ల. సరంగు రేసు తగ్గించాడు. కళాసీ కొక్కెం కర్రతో దూలాన్ని అందుకున్నాడు. "ముందు పిల్లనివ్వమ్మా, పిల్లనివ్వు!" ఆమె వంగింది. సరిగ్గా అప్పుడే వెనక ఇంజను ఒక్కసారి దగ్గి ఆగిపోయింది.

చప్పుడు ఆగగానే నీళ్ల హోరు మీద పడింది. కర్ర జారింది. బోటు అడ్డం తిరిగి కొబ్బరి చెట్ల వైపు కొట్టుకుపోయింది. సెల్ఫ్ కొట్టాడు. అందుకుంది. గేరేశాడు. చచ్చింది. మళ్లీ కొట్టాడు, ఈసారి రేసు పట్టుకునే గేరేశాడు, టక్కుమని చప్పుడై బోటు ముందుకి దూకింది, కళాసీ వెల్లకిలా పడ్డాడు, చూరు మీద ఆమె పిల్లని గుండెకి అదుముకుని కెవ్వుమంది. చివరికి దూలానికి తాడు బిగించి, ఇంజను ఆపేసి, ముగ్గురినీ దింపుకున్నారు. లంకలో ఇంకా జనం ఉన్నారు. చీకటి పడుతోంది.

అది 2022 జులై 16. భద్రాచలం దగ్గర గోదావరి ఆ రోజు 71 అడుగులు దాటింది. అక్కడ మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఎగరేస్తారు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర మూడో హెచ్చరిక 17 లక్షల క్యూసెక్కులకి. ఆ వరదలో ప్రవాహం 25 లక్షలు దాటింది. ఆ నీళ్లన్నీ కోనసీమ లంకల మీదుగానే సముద్రానికి పోవాలి. తెల్లారేసరికి బోటు బాగవ్వాలి.

ఏటిగట్టు కింద రోడ్డు మునిగి రేవైంది. అక్కడే కరెంటు స్తంభానికి బోటు కట్టారు. జనరేటరు బల్బు వానలో ఆవిర్లు కక్కుతోంది. మోకాలి లోతు నీళ్లలో దిగి వచ్చాడు మేస్త్రీ. భుజాన సంచి, చంకలో ప్లాస్టిక్ కవరు చుట్టిన ల్యాప్‌టాప్.

"మధ్యాహ్నం డ్రమ్ములో పెట్టి చూశామండి. శుభ్రంగా ఆడింది" అన్నాడు సరంగు.

"పంకా ఉందా?"

"తీసేసి పెట్టామండి."

"మరి బరువేదీ? గేరు పడితే కదా దాని సంగతి తెలిసేది."

అరవై గుర్రాల ఫోర్ స్ట్రోక్ ఇంజను. నాలుగు సిలిండర్లు. కార్బురేటరు లేదు, కంప్యూటరే ఇంజెక్టర్లని ఆడిస్తుంది. కవరు తియ్యకముందే మేస్త్రీ ఒక్క ప్రశ్న వేశాడు. "ఫుల్ రేసులో ఎలా ఉంది?"

"గుర్రంలా పోతోందండి. స్లోలోనే చస్తోంది."

మేస్త్రీ తల పంకించాడు. కానీ గట్టు మీద గొడుగుల కిందున్న వాళ్లందరూ అప్పటికే తీర్పు చెప్పేశారు. పెట్రోల్లో నీళ్లు!

అనుమానం ఊరికే వచ్చింది కాదు. అంతకు నెల ముందే, జూన్‌లో, పెట్రోల్లో 10 శాతం ఇథనాల్ కలిపే లక్ష్యాన్ని దేశం చేరుకుందని కేంద్రం ప్రకటించింది. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. మోతాదు మించితే ఆ రెండూ కలిసి ట్యాంకు అడుక్కి దిగిపోతాయి. మేస్త్రీ ఫిల్టరు విప్పి అందులోని పెట్రోలు గాజు సీసాలో పోశాడు. బల్బు ముందు పెట్టాడు. అందరూ వంగి చూశారు. గీత లేదు, మడ్డి లేదు. పైనుంచి కిందదాకా ఒకటే రంగు. ప్రెజర్ గేజి తగిలించాడు. సూది వణక్కుండా నిలబడింది.

"పెట్రోలు తప్పు కాదు. దాని కొరత ఉంటే ముందు ఫుల్ రేసులో చావాలి. స్లోలో చస్తే గాలి వైపు చూడాలి."

వాన జోరందుకుంది. కళాసీ ఇంజను మీద టార్పాలిన్ పట్టుకు నిలబడ్డాడు. మేస్త్రీ టార్చి వెలుగు థ్రాటిల్ మీదికి పాకింది. ఒక చిన్న స్క్రూ దగ్గర ఆగింది. స్క్రూ కదలకుండా ఫ్యాక్టరీలో వేసిన రంగు చుక్క నిలువునా పగిలి ఉంది.

"ఇది ఎవరు ముట్టుకున్నారు?"

ఎవరూ మాట్లాడలేదు. టార్పాలిన్ అంచు నుంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. "నేనేనండి," అన్నాడు కళాసీ, తలెత్తకుండా. "స్లో ఆగట్లేదని కొంచెం తిప్పానండి. మా నాన్న ఇంజన్లకి అలాగే తిప్పేవాడండి."

మేస్త్రీ కసరలేదు. పాత ఇంజన్లకి అది సరైన వైద్యమే. ఇక్కడ కాదు. రేసు మొత్తం వదిలేస్తే థ్రాటిల్ రేకు మూసుకుంటుంది. ఇంజన్‌కి ఊపిరి పక్కనున్న సన్న దారిలోంచి అందుతుంది. ఆ దారికి ఒక వాల్వు, వాల్వుకి యజమాని కంప్యూటరు. గేరు పడి బరువు తగలగానే అది వాల్వుని ఇంకాస్త తెరిచి, నిమిషానికి ఏడొందల యాభై చుట్ల దగ్గర ఇంజన్ని నిలబెట్టాలి. స్క్రూ తిప్పి రేకుని తెరిచిపెడితే సెన్సరు వేరే కబురు చెబుతుంది, రేసు మీద మనిషి చెయ్యి ఉందని. స్లో సంగతి తనది కాదని కంప్యూటరు వదిలేస్తుంది. పైగా స్పీడు మీద గేరు పడితే లోపల పళ్లు దెబ్బతింటాయి, పంకా ఒక్కసారిగా తిరుగుతుంది. నీళ్లలో మనుషులు బోటు అంచు పట్టుకుని వేలాడే చోట, ఆ పంకా!

ల్యాప్‌టాప్‌లో సెన్సరు అంకె చూస్తూ వెంట్రుక వాసి వెంట్రుక వాసిగా స్క్రూ వెనక్కి తిప్పాడు. మాన్యువల్లో ఉన్న అంకె వచ్చింది. "సెల్ఫ్ కొట్టు."

ఇంజను అందుకుంది. మూడు ఊపిర్లు తీసింది. చచ్చిపోయింది.

"ఇందాకే నయమండి!" సరంగు గొంతు పగిలింది. గట్టు మీద ఎవరో ఇంకో బోటు కోసం ఫోన్లు మొదలుపెట్టారు.

"ఉండండి. ఇప్పుడే కదా అసలు జబ్బు బయటపడింది." స్క్రీన్ మీదే ఉంది ఆయన చూపు. వాల్వు దాదాపు పూర్తిగా తెరవమని కంప్యూటరు ఆజ్ఞ ఇస్తోంది. అయినా చుట్లు పెరగడం లేదు. ఎక్కడైనా పగుల్లోంచి అదనపు గాలి దూరుతుంటే, ఈ రకం ఇంజను స్లో పెరగాలి, పడిపోకూడదు. అంటే గాలి ఎక్కువవడం కాదు. అందడమే లేదు. వాల్వు మొరాయించిందా?

విప్పాడు. తాళం తిప్పమన్నాడు. అరచేతిలో వాల్వు సూది బుద్ధిగా ముందుకీ వెనక్కీ కదిలింది. బాగానే ఉంది. తుడిచి మళ్లీ బిగించాడు. "రేసు మీద పట్టుకో, చావనివ్వకు" అని సరంగుకి చెప్పి, వాల్వుకి గాలి తెచ్చే రబ్బరు గొట్టం మొదలు వెతికి, దాని నోటికి వేలు అడ్డం పెట్టాడు. ఇంజను ఆడుతోంది. ఆ గొట్టం వేలిని లోపలికి పీల్చాలి.

పీల్చడం లేదు.

మేస్త్రీ ముఖంలో మొదటిసారి వెలుగొచ్చింది. గొట్టం పూర్తిగా ఊడదీశాడు, చెత్త ఇంజన్లోకి రాలకుండా. కొస వంచిన తీగ దూర్చాడు. జానెడు లోపల గట్టిగా తగిలింది. మెలితిప్పి లాగాడు. అరచేతిలో ఎండిన మట్టి రాలింది. బూడిద రంగు, గోళీకాయంత ముద్ద, లోపల గది కట్టినట్టు నున్నటి గుంట. ఆ గుంటలో ఆకుపచ్చ గొంగళిపురుగులు, ఒకదాని పక్కన ఒకటి పేర్చి, కొయ్యబారి.

"కందిరీగ," అన్నాడు కళాసీ, నమ్మలేనట్టు.

ఎండాకాలమంతా బోటు షెడ్డులో పడుంది. మట్టిగూడు పెట్టే కందిరీగకి పుల్ల దూరేంత చీకటి గొట్టం దొరికితే చాలు. గుడ్డు పెడుతుంది, పిల్లకి తిండిగా పురుగుల్ని కుక్కుతుంది, మట్టితో మూత వేస్తుంది. ఫుల్ రేసులో గాలి పెద్ద దారిన పోతుంది కాబట్టి ఎవరికీ తెలియలేదు. సన్న దారి మీదే బతికే స్లోకి గొంతు పట్టేసింది.

గాలి బోటుకి కొట్టే కాలిపంపుతో గొట్టం ఊదారు. టార్చి ఒక కొసన పెడితే రెండో కొసన వెలుగు కనబడేదాకా ఊదారు. బిగించారు. బోటుని స్తంభానికి ముందూ వెనకా కట్టారు. సెల్ఫ్. ఇంజను పక్క చిల్లులోంచి కూలింగు నీళ్లు సన్నగా చిమ్ముతున్నాయి. ఏడొందల యాభై. వేడెక్కేదాకా ఆగారు. "గేరు వెయ్యి" అన్నాడు మేస్త్రీ.

తాడు బిగుసుకుంది. అంకె పడింది. ఏడొందలు. ఆరొందల ఎనభై. సరంగు చెయ్యి తనకి తెలియకుండానే రేసు మీదికి పోయింది. మేస్త్రీ ఆ చెయ్యి పట్టుకుని ఆపాడు. ఆరొందల ఎనభై. ఏడొందల ఇరవై. ఏడొందల యాభై.

నిలబడింది. రివర్స్ వేశారు. నిలబడింది. ముందుకి, న్యూట్రల్, వెనక్కి, మళ్లీ ముందుకి. స్పీడు పెంచి ఒక్కసారి వదిలేశారు. ఇంజను దిగివచ్చి తన చోట తాను ఆగింది. పిల్లని అందుకునేటప్పుడు సరంగుకి కావలసింది అంతే, అరవై గుర్రాలూ కాదు.

తూర్పున మబ్బు పలచబడుతోంది. కళాసీ తాళ్లు విప్పాడు. సరంగు లైఫ్ జాకెట్లు లెక్క చూసుకుని ఎక్కాడు. "వస్తామండి మేస్త్రీ గారూ!" బోటు లంక వైపు మళ్లింది.

మేస్త్రీ ఆ వైపు చూడటం లేదు. గట్టు పక్కన అదే షెడ్డు నుంచి తెచ్చిన రెండో బోటు ఉంది. దాని కుర్రాడు తాడు విప్పబోతున్నాడు.

"దీనికేం లేదండి, బానే ఉంది."

"ఆగు," అన్నాడు మేస్త్రీ, నీళ్లలోకి దిగుతూ. "ముందు కవరు తియ్యి."